మృగశిర నుంచి వెనక్కి లెక్క

జగిత్యాలలో కోరుట్ల బస్సు ఎక్కారు, కిటికీ పక్క సీటు దొరికింది అనుకోండి. ఫాల్గుణ మాసమైతే మాత్రం ఫోను జేబులో పెట్టేయండి. మేడిపల్లి దాకా చూడాల్సిందంతా బయటే ఉంది. కాలువ నీళ్లో బాయి నీళ్లో అందినంత మేర యాసంగి వరి పచ్చగా ఊగుతుంటుంది. కళ్లాల్లో ఉడకబెట్టిన పసుపు ఆరబోసి ఉంటుంది, దాని వాసన బస్సులోకీ వస్తుంది. మామిడి తోటల్లో పూత రాలి పిందె పడుతుంటుంది. ఆ పచ్చదనం వెనకాల బూడిద రంగులో గుట్టలు. వాటిని చూసి పక్క సీటాయన "అడవి మొత్తం ఎండిపాయె" అంటాడు. ఆ మాట మీదే మీతో కాసేపు కూర్చుని మాట్లాడాలని ఉంది నాకు.

ఎండిపోలేదండీ. ఏడాది మొత్తంలో ఆ గుట్టకు ఇంత పని ఉన్న నెలలు ఇంకేవీ లేవు.

వసంతం అనగానే మన కళ్లకు క్యాలెండర్ బొమ్మ అలవాటైంది. కొండ వాలు నిండా పచ్చిక, పచ్చికలో రంగురంగుల పూలు. మంచు కరిగే దేశాల్లో అది నిజమే. అక్కడ చలికాలమంతా నేల గడ్డకట్టి ఉండి, కరగ్గానే కిందినుంచి పూలు లేస్తాయి. మన దగ్గర సంగతి వేరు. శివరాత్రి దాటేసరికి నేలలో తడి ఉండదు, గడ్డి గోధుమ రంగుకు తిరుగుతుంది. అందుకని మన వసంతం నేల మీద పరుచుకోదు, కొమ్మెక్కి కూర్చుంటుంది. మేడిపల్లి పక్క చెల్కల్లో మేకలు కాసే ఒక ముసలాయనను అడిగాను, "తాతా, గుట్ట దిక్కు ఏమన్న పూసినయా?" అని. "పూయకేం బిడ్డా! నువ్వు కింద సూసుకుంట నడుస్తున్నవ్. మీదికి సూడు" అన్నాడు. ఇంతకంటే మంచి దారి చూపించే మాట నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

మీదికి చూస్తే మొట్టమొదట మోదుగ. కాముని పున్నమికి ముందూ వెనకా ఆకు ఒక్కటి లేకుండా, నల్లని వంకర కొమ్మల నిండా కాషాయం. ఒక్కో పువ్వునూ చేతిలోకి తీసుకుని చూడండి. కింది రేకు చిలుక ముక్కులా వంగి ఉంటుంది, మొదట్లో తొడిమె నల్లటి మఖమల్‌లా మెత్తగా తగులుతుంది. వాసన చూడబోతే ఏమీ ఉండదు. ఎందుకంటే ఈ పువ్వు పిలిచేది పిట్టల్ని. పిట్టలకు ముక్కుతో పని తక్కువ, కంటితో పని ఎక్కువ. ఎర్ర రంగు దూరానికి కనిపించాలి, దగ్గరికొస్తే తేనె దండిగా ఉండాలి. అందుకే ఆకులు అడ్డం లేకుండా పూస్తుంది. తేనెపిట్టలు, గోరింకలు, పికిలి పిట్టలు, కాకులు, ఉడుతలు అన్నీ పొద్దున్నే దాని మీద ఉంటాయి. తేనెపిట్ట మగది ఈ రోజుల్లోనే నల్లగా నీలంగా మెరుస్తుంది. జత కోసం వేసుకున్న రంగు అది. జతల కాలం దాటితే చాలావరకు వెలిసిపోయి, గొంతు మీద ఒక నల్ల చార మాత్రం మిగులుతుంది.

ఆ గుంపులో గులాబి రంగు ఒళ్లు, నల్ల తల ఉన్న గోరింకలు కనిపిస్తే ఒక్క నిమిషం ఆగండి. అవి మన ఊరివి కావు. కజకిస్తాన్ వైపు గడ్డి మైదానాల్లో పిల్లల్ని చేసుకునే పిట్టలు. చలికాలమంతా మన దేశంలో గడిపి, ఏప్రిల్‌లో వెనక్కి బయలుదేరతాయి. అంత దూరం ఎగరడానికి కావలసిన బలంలో కొంత మన మోదుగ, బూరుగ తేనె నుంచే కూడగట్టుకుంటాయి. వాటి నుదుటి మీద పసుపుగా పుప్పొడి అంటి ఉంటుంది. చెట్టు నుంచి చెట్టుకు ఆ పుప్పొడి మోసినందుకే వాటికి ఆ తేనె.

మోదుగ మనవాళ్లకు ఎంత దగ్గరిదో చెప్పక్కర్లేదు. హోళీకి పూలు ఉడకబెట్టి రంగు తీయడం మన ఊళ్లలో ఇంకా ఉంది. చిటికెడు సున్నం కలిపితే ఆ రంగు ఇంకా చిక్కబడుతుంది. ఆకులు ఇస్తరాకులవుతాయి. పోరాట కాలపు తెలంగాణ మీద దాశరథి రంగాచార్య రాసిన నవల పేరు కూడా మోదుగుపూలే.

కానీ నన్ను ఎక్కువగా పట్టుకున్నది దాని కాయ. చూసేవాళ్లు తక్కువ. పూలు రాలాక పలచటి, వెడల్పాటి కాయలు వేలాడతాయి. కాయంతా ఖాళీ, కొనన మాత్రం ఒక్కటే గింజ. మే నెల గాలిదుమారాలకు ఆ కాయ తెగి, తిరుగుతూ తిరుగుతూ దూరం పోయి పడుతుంది. సరిగ్గా తర్వాత కొన్నాళ్లకే మృగశిర కార్తె, తొలకరి. గింజ ఎక్కువ రోజులు ఎండలో పడి ఉండక్కర్లేకుండా వాన అందుకుంటుంది.

ఇప్పుడు వెనక్కి లెక్కపెట్టండి. జూన్ మొదటి వారంలో గింజ నేల మీద ఉండాలంటే మే నెలలో కాయ ముదరాలి, దానికి మార్చిలో పువ్వు పూయాలి. మార్చిలో పూయాలంటే నీళ్లు లేని ఆ నెలల్లో ఆకుల ఖర్చు తగ్గించుకోవాలి. అందుకే ఆకు రాల్చడం. వానాకాలంలో కాండంలో, వేళ్లలో దాచుకున్న పిండితోనే పూత ఖర్చంతా నడుస్తుంది. పక్క సీటాయన ఎండిపోయిందనుకున్నది ఈ పొదుపునే. బూరుగదీ ఇదే లెక్క. ఎర్రని మందపు పూలు, వాటి కోసం కాకుల గోల, ఆ తర్వాత మేలో పగిలి గాలికి కొట్టుకుపోయే దూది. వేప ఉగాదికి పూసి, వానల మొదట్లో పండ్లు రాలుస్తుంది. రాతి గుట్టల నెత్తిన కొండగోగు మోడు కొమ్మ మీద అరచేయంత పసుపు పువ్వు పూస్తుంది, దాని గింజలకూ దూదే రెక్కలు. కార్తెలు మనిషి రాసుకున్నవే కావచ్చు, ఆ లెక్క మాత్రం ఈ చెట్లకు ముందే తెలుసు.

నేల మీద ఏమీ లేదని కూడా అనను. బాట పక్కన ముళ్ల మీద ముళ్లతో నేలకు అంటుకుని వాకుడు ఉంటుంది. ఊదారంగు పువ్వు, మధ్యలో పచ్చటి కేసరాలు. ఆ కేసరాల కొనలకు సూది బెజ్జమంత రంధ్రం తప్ప వేరే దారి ఉండదు, పుప్పొడి లోపలే బందీ. మామూలు తేనెటీగ వచ్చి తడిమితే రాలదు. తుమ్మెద వచ్చి పువ్వును పట్టుకుని, రెక్కలు కదపకుండా ఒళ్లు ఝుమ్మని వణికించినప్పుడు మాత్రం పొడి బయటకు చిమ్ముతుంది. చెవి దగ్గర పెట్టి వినండి, ఎగిరేటప్పటి మోతకూ ఈ మోతకూ తేడా తెలుస్తుంది. పక్కనే బ్రహ్మదండి, నిమ్మపండు రంగులో, చాలా అందమైన పువ్వు. మెక్సికో దేశపుది, ఎప్పుడో వచ్చి మన చెల్కల్లో స్థిరపడింది. దాని గింజలు ఆవగింజల్లాగే ఉంటాయి. 1998లో ఢిల్లీలో ఆ నూనె ఆవనూనెలో కలిసి ఎందరినో మంచాన పడేసింది, కొందరి ప్రాణాలు తీసింది. అందుకని చూడండి, కోయకండి. విష్ణుకాంత, గడ్డిచామంతి, పల్లేరు పూలు కూడా ఉంటాయి గానీ వాటి కోసం మోకాళ్ల మీద కూర్చోవాలి.

ఒర్రె వెంబడి నడిచేటప్పుడు మేడిచెట్టు వస్తుంది. ఊరి పేరులోనే ఉన్న చెట్టు కాబట్టి దాని గురించి కాస్త ఎక్కువ మాట్లాడుకుందాం. వసంతంలో దాని పువ్వు ఎక్కడ అని అడిగితే ఎవరూ చూపించలేరు. కాండానికి గుత్తులుగా అంటుకుని కాయలే కనిపిస్తాయి. నిజానికి కాయ అనుకుంటున్నది కాయ కాదు, లోపలికి మడుచుకున్న పూలగుత్తి. వందల కొద్దీ చిన్న చిన్న పూలు లోపలి గోడకు అంటుకుని ఉంటాయి. కొనన ఒక సన్నని ద్వారం. ఆవగింజంత కూడా లేని ఒక జాతి కందిరీగ ఆడది ఆ ద్వారంలోంచి దూరుతుంది. దూరేటప్పుడు రెక్కలు ఊడిపోతాయి, ఇక బయటికి రాదు. లోపల కొన్ని పూలలో గుడ్లు పెడుతుంది, తాను పుట్టిన కాయ నుంచి తెచ్చిన పుప్పొడిని మిగతా పూలకు అంటిస్తుంది, అక్కడే చనిపోతుంది. కొన్ని వారాలకు పిల్లలు వెలువడతాయి. ముందు మగవి. వాటికి రెక్కలే ఉండవు. ఆడవాటితో జతకట్టి, గోడకు సొరంగం తవ్వడంతో వాటి బతుకు అయిపోతుంది. ఆ సొరంగంలోంచి ఆడవి కొత్త పుప్పొడి వేసుకుని ఇంకో మేడి వెతుక్కుంటూ పోతాయి. వాటి ఆయుష్షు ఒకటి రెండు రోజులు. ఆ కాస్త సమయంలో సరైన చెట్టు దొరకాలి. దొరకాలంటే చుట్టుపక్కల మేడిచెట్లు ఎన్నో ఉండాలి, వేర్వేరు సమయాల్లో కాస్తూ ఉండాలి.

వేమన పద్యం మనందరికీ చిన్నప్పుడే మేడిపండు మీద ఒక అనుమానం నేర్పింది. పొట్ట విప్పగానే పురుగులు కనిపించి మొహం తిప్పుకుంటాం. వేమన చెప్పింది మనుషుల సంగతి, ఆ మాటలో తప్పు లేదు. చెట్టు సంగతికొస్తే మాత్రం ఆ పురుగు లేకపోతే మేడికి గింజ లేదు, గింజ లేకపోతే ఇంకో మేడి లేదు. ఒక జాతి చెట్టు, ఒక జాతి కందిరీగ, ఒకదాన్ని విడిచి ఒకటి బతకలేవు. పండు పండాక ఆ విందు అందరిదీ. నుదురు ఎర్రగా, ఒళ్లు ఆకుపచ్చగా ఉండే కంసాలి పిట్ట దాని కోసమే వస్తుంది. మధ్యాహ్నం ఎండలో టుక్కు టుక్కు మని ఒకే లయలో ఆగకుండా వినిపించే మోత దానిదే. రాత్రిళ్లు గబ్బిలాలు, కింద రాలినవాటికి నక్కలు. ఏడాదిలో పలుమార్లు కాస్తుంది కాబట్టి మిగతా పండ్లు లేని రోజుల్లో కూడా మేడి దగ్గర ఏదో ఒకటి ఉంటుంది. ఒర్రె గట్టున ఒక్క మేడిచెట్టు కొట్టేస్తే ఎన్ని నోళ్లు ఖాళీ అవుతాయో చూడండి. గట్టు వెడల్పు చేసేటప్పుడు దయచేసి ఆ ఒక్క చెట్టు పక్కకు తిరిగి పోండి.

ఇప్ప సంగతి చెప్పాలంటే గోదావరి దాటాలి. ధర్మపురి వైపు నుంచి వంతెన దాటితే మంచిర్యాల జిల్లా, కవ్వాల్ అడవులు. 2012లో టైగర్ రిజర్వ్ అయిన అడవి అది. ఇప్పచెట్లు ఇటు మన గుట్టల కింద కూడా అక్కడక్కడా ఉన్నాయి గానీ, అటు వైపు అది ఆదివాసీల బతుకుచెట్టు. ఉట్నూరులో ఆదివాసీ ఆడవాళ్లు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు, దొరికితే వదలకండి. ఇప్ప రాత్రిపూట పూస్తుంది. గబ్బిలాలు ఆ పూల కోసం వచ్చి పోతాయి. తెల్లవారుజామున రసం నిండిన తెల్లటి పూలు టపటపా రాలుతాయి. వాటి కోసం జింకలు వస్తాయి, ఎలుగులు వస్తాయి, గంపలతో మనుషులు వస్తారు. ఎండాకు మీద తెల్లపువ్వు కనబడదని చెట్టు కింద ఆకులకు నిప్పు పెట్టే అలవాటు ఉంది. ఇక్కడే నాకు కడుపు మండుతుంది. పువ్వు ఏరేవాళ్ల మీద కాదు, అది వాళ్ల తిండి, వాళ్ల రాబడి. ఆ నిప్పు చెట్టు కిందే ఆగదు, అదీ నా బాధ. మార్చి గాలికి అది గుట్ట ఎక్కుతుంది. కిందటేడు వానకు మొలిచి జానెడు ఎదిగిన మొక్కలు, చెదలు, తొండలు, కౌజుపిట్టల గుడ్లు అన్నీ అందులో పోతాయి. మృగశిర కోసం చెట్టు అంత లెక్కగా దాచుకున్నదంతా ఒక్క సాయంత్రంలో మసి. చెట్టు కింద పాత చీరో వలో పరిస్తే పువ్వు శుభ్రంగా దొరుకుతుంది, మట్టి అంటదు, ధర కూడా మెరుగ్గా పలుకుతుంది. మన వైపు గుట్టల్లో ఇప్ప కోసం కాకపోయినా, ఆర్పకుండా విసిరిన బీడీ ముక్కతో, పొలం గట్టు కాల్చబోతే జారిన నిప్పుతో ఇదే జరుగుతోంది. గట్టు కాల్చక తప్పదనుకుంటే గాలి లేని పొద్దుటిపూట, పక్కన నీళ్లు పెట్టుకుని కాల్చండి. ఆరిందాకా అక్కడే నిలబడండి.

నిప్పు ఒకటైతే, రాయి ఇంకొకటి. కరీంనగర్ ప్రాంతపు గోధుమ రంగు గ్రానైట్‌కు టాన్ బ్రౌన్ అనే పేరుతో విదేశాల్లో గిరాకీ ఉంది. ఆ రాయి గుట్టల్లోంచే కదా రావాలి. కొండగోగు మొలిచేది ఆ బండల సందుల్లోనే, ఎలుగు పడుకునేది ఆ గుహల్లోనే. గుట్టకు రాయి ధర ఒక్కటే కట్టి, మిగతావన్నీ సున్నా వేసే లెక్కను నేను ఒప్పుకోలేను.

సరే, మళ్లీ బాట మీదికి వద్దాం. చెరువు కట్ట మీద ఎండిపోయిన తాటి మొద్దు ఒకటి ఉంటే కొట్టెయ్యమని అందరూ అంటారు. దాని మీద కాసేపు చూపు నిలపండి. పాలపిట్ట గూడు పెట్టేది అలాంటి తొర్రలోనే. 2014లో మనం రాష్ట్ర పక్షి అని పేరు పెట్టుకున్న పిట్ట, దసరా రోజు వెతికి వెతికి చూసి దండం పెట్టే పిట్ట. దాని అసలు దసరా మార్చి, ఏప్రిల్‌లలో. మగది నిట్టనిలువుగా ఎగిరి, గొంతు చించుకుని అరుస్తూ, గాల్లో అటూ ఇటూ పొర్లుతూ కిందికి జారుతుంది. కూర్చున్నప్పుడు మట్టిరంగులో ఉండే పిట్ట రెక్క విప్పగానే రెండు రకాల నీలాలు. ఆ పల్టీలు చూడాలంటే ఈ నెలల్లోనే చూడాలి.

తీతువును మన పెద్దలు అపశకునం అన్నారు. రాత్రి కూస్తే ఎవరికో మూడిందని దిష్టి తీస్తారు. నేనైతే దాన్ని తల్లిగానే చూస్తాను. గూడు అంటూ ఉండదు, చదునైన నేల మీద నాలుగు రాళ్ల మధ్య నాలుగు గుడ్లు. గుడ్డు రంగు రాయి రంగే. నలభై డిగ్రీలు దాటిన ఎండలో ఆ గుడ్లు ఉడికిపోవాలి. ఆ పిట్ట చెరువు దాకా పోయి, పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. మళ్లీ పోతుంది, మళ్లీ వస్తుంది. ఎవరైనా దగ్గరికొస్తే నెత్తి మీద తిరుగుతూ అరిచేది కూడా ఆ గుడ్ల కోసమే. అది అరిచినప్పుడు రాయి విసరకండి, ఒక్క అడుగు వెనక్కి వేసి కింద చూసుకోండి. మీ కాలి పక్కనే ఉండొచ్చు గుడ్లు.

కంచె రాళ్ల మీద మగ తొండ తల నారింజ ఎరుపుకు తిరిగి, ముందు కాళ్ల మీద లేస్తూ పడుతూ ఉంటుంది. పిల్లలు దాన్ని రాళ్లతో కొట్టడం ఇంకా చూస్తూనే ఉన్నాను. వాళ్లను ఆపి, అది ఎవరిని పిలుస్తోందో చెబితే చాలు, రాయి చేతిలోంచి జారిపోతుంది. పిల్లలకు చెప్పేవాళ్లే కావాలి.

చైత్రం వచ్చేసరికి రోడ్డు మీద కాషాయం మారుతుంది. మోదుగ రాలిపోతుంది, చైత్ర పున్నమికి కొండగట్టు అంజన్న దీక్షాపరులు కాలినడకన బయలుదేరతారు. వాళ్లు నడిచే రోజుల్లోనే గుట్ట మీద తునికి పొదలకు లేత ఆకు వస్తుంది. అంతకు ముందు కొమ్మలు కొట్టి ఉంచుతారు కాబట్టి ఆ చిగురు రాగి రంగులో మెత్తగా వస్తుంది. ముదిరేలోపే కోస్తారు, యాభై ఆకులు ఒక కట్ట. మేడిపల్లి, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల ఇళ్ల ముందు అరుగుల మీద చేటలు ఒళ్లో పెట్టుకుని అక్కలు, అవ్వలు బీడీలు చుట్టే ఆకు ఇదే. ఆ ఆకును రోజూ కత్తిరించే చేతుల్లో ఎన్నింటికి ఆ పొదను దాని చోట చూసే తీరిక దొరికిందో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. ఈసారి వెళ్తే ఇంట్లో బీడీలు చుట్టే అమ్మను కూడా తీసుకుపోండి. చెట్ల పేర్లు మనకంటే ఆమెకే ఎక్కువ తెలిసి ఉంటాయి.

వెళ్లేటప్పుడు రెండు మూడు జాగ్రత్తలు. చీకట్లో గుట్ట ఎక్కకండి, ఎలుగు తిరిగే వేళ అది. నలుగురు కలిసి, మాట్లాడుకుంటూ పోండి. మాట వినిపిస్తే అదే తప్పుకుంటుంది. దానికి కావలసింది మనం కాదు, చెదలూ పండ్లూ. పొద్దు పొడిచాక బయలుదేరి తొమ్మిదింటికల్లా దిగిపోతే ఎండ దెబ్బ ఉండదు. నీళ్లు మీకు తాగడానికి ఒక సీసా, దారిలో గుంత కనిపిస్తే పిట్టలకు పోయడానికి ఇంకో సీసా.

మార్చిలో కుదరకపోయినా దిగులు లేదు, మే నెలలో రేల ఉంది. పొడుగాటి గుత్తులుగా బంగారు రంగు పూలు కిందికి వేలాడతాయి. కేరళవాళ్లు ఏప్రిల్‌లో విషు పండుగకు దేవుడి ముందు పెట్టుకునే పువ్వు ఇదే. పువ్వులో పది కేసరాలుంటే మూడు మాత్రం పొడుగ్గా వంకర తిరిగి బయటికి వస్తాయి. తుమ్మెద పొట్టి కేసరాల దగ్గర తిండి ఏరుకుంటుంటే, పొడుగువి దాని ఒంటికి పుప్పొడి పూస్తాయి. అది ఆ పుప్పొడితోనే ఇంకో పువ్వుకు పోతుంది. రేల కింద నిలబడి తుమ్మెద పని చూస్తుంటే టైము తెలియదు. అదే సమయానికి తునికి పండ్లు, మొర్రి పండ్లు వస్తాయి. మొర్రి గింజలోంచే సారపప్పు, మనం పాయసంలో వేసుకునేది. తునికి పండు పైతోలు పెళుసుగా ఉంటుంది, లోపల పసుపు గుజ్జు, మొదట కొంచెం వగరు, తర్వాత తీపి. గింజలు పెద్దవి. ఎలుగు తిన్న చోటే వాటిని విడవదు, ఎక్కడో పోయి విడిచి వస్తుంది, తునికి అట్లా గుట్టలు దాటుతుంది. మీరూ తిన్నాక ఆ గింజలు బస్టాండ్ సిమెంటు మీద ఉమ్మకుండా జేబులో వేసుకోండి. దిగాక బాట పక్క మట్టిలో వేలితో నొక్కితే చాలు. మే నడిమికల్లా మృగశిరకు మిగిలేది మూడు వారాలే.